తూము మూసినవాడు ఏడవలేదు

దుర్మార్గుడిని కుర్చీలో కూర్చోబెట్టి ప్రశ్నించాలన్న ఆలోచన నాదే. దాని బాధ్యతా నాదే. డిగ్రీ చివరి ఏడాది, నంద్యాలలో మా కాలేజీ వార్షికోత్సవానికి ఈ అంశం నేనే ప్రతిపాదించాను. ఏదైనా నాటకంలోని ప్రతినాయకుడు వేషంతో వచ్చి, ఆ పాత్రగానే జవాబులివ్వాలి. ఎందుకు చేశావు? చేసినందుకు బాధపడుతున్నావా? నేను తేల్చదలచినవి ఈ రెండే.

అందుకోసం ఆళ్లగడ్డలో ఒక వృద్ధ దర్జీని వెతికి పట్టుకున్నాను. కరువు ఏడాది కాలువ తూముకు తాళం వేసి, కింది పొలాలన్నీ ఎండబెట్టిన పెత్తందారు వేషం ఆయనది. చుట్టుపక్కల ఊళ్లలో ఎన్నో ఏళ్లుగా నాటకాల్లో అదే వేషం కడుతున్నారు. అంగట్లో మిషను తొక్కుతూనే పాత్రలోకి దిగిపోయారు.

“తూము ఎందుకు మూశారు?”

“మా నాయన నీళ్లడిగితే ఎవురిచ్చిరి? తాళంచెవి నా చేతికొచ్చినాక నేనెందుకీయల్ల?”

“మీ నాయనకు ఇవ్వనివాళ్లు వేరు, పొలాలు ఎండినవాళ్లు వేరు. అవునా, కాదా?”

మిషను ఆగింది. “ఏందిమ్మా, పోలీసోళ్ల మాదిరి అవునా కాదా అంటాండావ్? నువ్వడిగేది తెలుసుకునేదానికా, గెలిచేదానికా?”

డిబేట్లలో నాకు కప్పులు తెచ్చిపెట్టినవి అలాంటి ప్రశ్నలే. నోటుబుక్కులో ఉన్నవాటన్నిటినీ ఆయన ఎదుటే కొట్టేశాను. చివరిదొక్కటే ఉంచాను.

“బాధ లేదా తాతా?”

“ల్యా.”

ఆ తర్వాత పాత్ర వదిలి, తమ బృందం ఆచారం చెప్పారు. ఆట ముగిశాక దుర్మార్గుడి వేషగాడు రంగు తుడుచుకోకుండా జనం మధ్యనుంచే నడిచి వెళ్లాలి. ఆడవాళ్లు తిడుతూ అతని మీద దుమ్మెత్తి పోయాలి. వేషం పండిందీ లేనిదీ తేల్చేది ఆ దుమ్మే.

“ఒగ ఊర్లో పిడికెడు గూడా పడల్యా. ఆ పొద్దు నాకు కూడు నోట్లోకి పోల్యా. ఆ పెత్తందారు ఏడిస్తే జనం వాణ్ణే పాపం అంటారు. ఎండిన సేనోళ్లని ఎవురంటారు?”

కార్యక్రమాలు చూసే అధ్యాపకురాలు నేను రాసిన ప్రశ్నోత్తరాల ప్రతి చదివి, చివరి పేజీలో వేలు పెట్టారు. “ఇక్కడ వాణ్ణి ఏడిపించమ్మా. నీతి ఉండాలి కదా! లేకుంటే కాలేజీల మధ్య పోటీకి నీ పేరు పంపేది ఆలోచించాల్సి వస్తుంది.”

ఆ పోటీ కోసం మూడేళ్లు ఎదురుచూశాను. అది నాకు మళ్లీ రాదు.

“ఏడవమని నేనే రాసిస్తే నేనిక అడగడం దేనికి మేడం?”

“ఎదురు మాట్లాడేదానికేనా నీకు డిబేటు నేర్పించింది?”

“అవును మేడం.”

వార్షికోత్సవం నాడు దర్జీ తాత తలపాగాతో, బొగ్గు మీసంతో వచ్చి కూర్చున్నారు. చివరి ప్రశ్న అడిగాను. వేదిక పక్కనుంచి మేడం కళ్లు తుడుచుకుంటున్నట్టు ఆయనకు సైగ చేశారు. ఆయన అటు చూసి, నా వైపు తిరిగారు.

“ఆడ ఎవురో కండ్లు తుడుచుకోమంటాండారు. నా కండ్లల్లో ఏం పడల్యా. రేపు తాళంచెవి ఇచ్చినా మూస్తా.”

వెనక వరుసల్లోంచి, సేద్యం ఇళ్లనుంచి వచ్చిన అమ్మాయి ఒకతి లేచి “నీ చేతులు పడిపోను!” అని అరిచింది. ఆ తర్వాత ఎన్ని గొంతులో లెక్క లేదు. పెత్తందారు మీసం కింద దర్జీ నవ్వడం దగ్గరున్న నాకు మాత్రమే కనిపించింది.

మరునాడు మేడం నా ముందు తెల్లకాగితం పెట్టారు. “జరిగినదానికి చింతిస్తున్నానని ఒక్క వాక్యం రాయి. పేరు పంపుతాను.” ఆ గొంతులో కోపం లేదు, నాకు దారి చూపిస్తున్నాననే ఆమె నమ్మకం.

చింతిస్తున్నానా అని నిజాయితీగానే వెతుక్కున్నాను. పోటీ పోతుందన్న దుఃఖం కనిపించింది, చాలా కనిపించింది. చేసినందుకు చింత మాత్రం ఎక్కడా లేదు. మొదటిదాన్ని రెండోదిగా రాసి సంతకం పెట్టడం నాకు చేతకాదు.

ఖాళీ కాగితాన్నే ఆమె బల్ల మీద పెట్టి తరగతికి వెళ్లాను. పోటీకి నా పేరు వెళ్లలేదు.