బల్లకట్టు కొలత

జగ్గారావుగారు కొత్త కారు కొనాలనుకున్నది ముప్ఫైఆరులోనో, ముప్ఫైఏడులోనో. ఏలూరులో మా వీధి చివర మేడ వారిదే. ఆయన తండ్రిగారి కాలం నుంచీ ఆ ఇంట్లో కారు నడిపేది మొహిద్దీన్‌గారు, మా పక్కింటాయన. నేను హైస్కూల్లో లెక్కల మేష్టర్ని. ఇందులో నేను చేసిందల్లా ఇంగ్లీషు చదివిపెట్టడం, పనికిమాలిన సలహా ఒకటివ్వడం.

మద్రాసు నుంచి కేటలాగు వచ్చింది. దొరలెక్కే కార్ల కంపెనీయే, కాకపోతే వాళ్ళ బళ్ళన్నిటిలోకీ చవక రకం. అందులో మళ్ళీ మూడు. టాపు మడిచేది ఒకటి, నాలుగు పక్కలా మూసేసింది ఒకటి, ఇద్దరే పట్టే పొట్టిది ఒకటి. జగ్గారావుగారి భార్య చాముండేశ్వరిగారికి దుమ్ము పడదు, మూతబండే కావాలన్నారు. ఆయనకేమో టాపు మడిచేదాని మీద మనసు. నెల్లాళ్ళు తిరగేసి తిరగేసి కేటలాగు అట్ట చిరిగింది గానీ కారు తేలలేదు. కలిగినవాళ్ళ ఈ నాన్చుడు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

చివరికి ఆయనే ఒక షరతు పెట్టారు. మండవల్లి దగ్గర వారి పొలాలకు పోవాలంటే కాలువ దాటాలి. వంతెన లేదు, బల్లకట్టే. పాత కారు ఇవతల గట్టునే ఆపి, అవతల ఎడ్లబండి ఎక్కేవారు. బల్లకట్టు మీద పట్టే కారయితే పొలం దాకా పోవచ్చు, అదే కొంటానన్నారు. ఏదీ పట్టకపోతే ఆవిడ మాటే ఖాయం.

కొలిచి రమ్మని మొహిద్దీన్‌గారిని పంపారు. ఆయన బల్లకట్టు పొడుగు తాడుతో కొలిచి, అక్కడికి ముడేసి తెచ్చారు. కేటలాగులో పొడుగులు చదివి, మా అరుగు మీద గజంబద్దతో సరిచూశాను. పెద్దవి రెండూ పట్టవు. పొట్టిది పడుతుంది, ఇంకా జానెడు మిగులుతుంది.

మొహిద్దీన్‌గారు అరుగు మీద కూలబడ్డారు. ఇద్దరు పట్టే కారంటే అయ్యగారూ అమ్మగారూ. డ్రైవరుకు చోటేదీ? జగ్గారావుగారికి నడపడం వచ్చు, సరదా కూడానూ. యాభై దాటినవాణ్ణి ఇంకెవరు పెట్టుకుంటారని మొహిద్దీన్‌గారు నన్నే అడిగారు.

"ముడి ఒక మూర ఇవతలికి జరిపెయ్యండి," అన్నాను. "పొట్టిదీ పట్టదు. మూతబండి వస్తుంది, మీ పని మీకుంటుంది."

ఆయన తాడు ఒళ్ళోకి లాక్కున్నారు. ముడి విప్పి, మూరెడు ఇవతల వేశారు.

మర్నాడు ఇద్దరం మేడకు వెళ్ళాం. ఏదీ పట్టదని చెప్పి మొహిద్దీన్‌గారు తాడు ముందు పెట్టారు. నేను గజంబద్ద తీయబోతే జగ్గారావుగారు వద్దన్నారు. మొహిద్దీన్ కొలిచాక మళ్ళీ కొలవడమేమిటి, నాన్నగారున్నప్పటి నుంచీ అతని మాట మీద భరోసాతోనే కదా కారెక్కుతున్నాం అని, మూతబండి కావాలని మద్రాసుకు ఉత్తరం రాయమన్నారు. హమ్మయ్య అనుకుని కలం తీశాను.

"రాయకండి," అన్నారు మొహిద్దీన్‌గారు. "ముడి నేను జరిపానండీ. పొట్టిది పడుతుంది."

సలహా నాదని నేను నోరు విప్పలేదు. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ ఉంది.

జగ్గారావుగారు కోప్పడలేదు. పొట్టి కారు కొన్నారు. బట్టలు పెట్టి, మొహిద్దీన్‌గారిని మర్యాదగా పనిలోంచి మాన్పించారు.

ఆర్నెల్లు ఖాళీగా తిరిగాక, బల్లకట్టు మీదికి బళ్ళెక్కించే మనిషి కావాలంటే ఆయన వెళ్ళి ఆ పనికి కుదిరారు. ఓసారి పనుండి అటు వెళ్ళాను. నేనుండగానే జగ్గారావుగారి కారొచ్చింది. దంపతులిద్దరూ అందులో ఉన్నారు. మొహిద్దీన్‌గారు వెనక్కి నడుస్తూ చేత్తో దారి చూపించి కారును బల్లకట్టు ఎక్కించారు, వంగి చక్రాల కింద చెక్కలు పెట్టారు.

ఆయన నన్ను చూసి దగ్గరకు రమ్మన్నారు. కారు ముక్కుకీ బల్లకట్టు అంచుకీ మధ్య వేళ్ళు చాచి పెట్టారు.

"చూడండి మేష్టారూ, జానెడు. నా కొలత తప్పలేదు."