అక్క కూర్చునే చోటు

ట్యూబులో కొత్త డీఎన్ఏ పోగు ఒకటి అంచున కాస్త చోటు చేసుకుని, పాత పోగును మెల్లగా పక్కకు నెడుతుంది. అప్పుడు ఆ పాత పోగు పట్టి ఉంచిన మందు విడుదలవుతుంది. అది ఎంత ఆలస్యంగా జరగాలో ముందే నిర్ణయించి పెట్టడమే ల్యాబులో నా పని. ఈ రోజు సరిగ్గా అనుకున్న వేళకే జరిగింది.

ఆ సంతోషంలోనే సాయంత్రం సీతాఫల్‌మండిలో మా చర్చికి వెళ్లాను. ఫ్యాను కింద అక్క కూర్చునే చోట, ఆమె చనిపోయినప్పటి నుంచి నా బైబిలు సంచి పెడుతున్నాను. ఒక పెద్దావిడ వచ్చి బెంచీ చివర ఒదిగి కూర్చుని, సంచి వైపు చూపించింది.

“ఈడ ఎవరన్న వస్తరా బిడ్డా?”

“ఎవరూ రారు పెద్దమ్మా.”

సంచి ఒళ్లోకి తీసుకున్నాను. ఆమె మెల్లగా జరిగి ఫ్యాను కిందికి వచ్చింది.

ట్యూబులో ఆలస్యాన్ని నేనే పెడతాను. ‘ఎవరూ రారు’ అనే ఆ ఒక్క మాట అనడానికి మాత్రం నాకు ఏడాది పట్టింది. పోయిన మీవాళ్ల చోటు ఇంకొకరికి ఇవ్వడానికి మీకు ఎన్నాళ్లు పట్టింది?