ఖాళీ అయిన కళ్లం

నేను పదో తరగతి పరీక్షలు రాసిన ఏడు, గుంటూరు పక్కనున్న మా ఊళ్లో మిరపకాయలు ఆరబోసిన కళ్లంలోనే చదువుకునేదాన్ని. ఒక్కో పోగు ఎదురుగా కూర్చుని ఒక్కో పాఠం చదవడం నేను కనిపెట్టుకున్న పద్ధతి. పెద్ద ఎర్రపోగు రక్తప్రసరణ, రంగు పోయిన తాలుకాయల పోగు విసర్జన. పోగును చూస్తే చాలు, పాఠమంతా గడగడా వచ్చేసేది.

జీవశాస్త్రం పరీక్ష రోజు పొద్దున్నే చివరిసారి చూసుకుందామని వెళ్తే, కళ్లం ఊడ్చేసినట్టు ఖాళీగా ఉంది. నేను లేచేసరికే సరుకంతా లారీలో మిర్చి యార్డుకి వెళ్లిపోయింది. గుండెకు ఎన్ని గదులో కూడా గుర్తు రాలేదు.

“నా పాఠాలన్నీ పట్టుకెళ్లిపోయారు నాన్నా” అన్నాను.

కాయల కింద పరిచిన పట్టాలు మడతపెడుతున్న నాన్న బిత్తరపోయి చూశాడు. సంగతంతా విని, “ఆ ఎర్రపోగు ఎక్కడుండేదమ్మా?” అన్నాడు.

వేలు పెట్టి చూపించాను.

“అక్కడ కూర్చుని ఏం చదివావు?”

నోరు తెరిచాను. నాలుగు గదులూ, కవాటాలూ వరసగా వచ్చేశాయి. నాన్న కంటే నేనే ఎక్కువ నివ్వెరపోయాను.

ఇప్పుడు ఇంట్లో ట్యూషన్ చెబుతున్నాను. పిల్లలు “చదివేశాం టీచర్” అనగానే పుస్తకాలు లాగేసుకుంటాను. ఖాళీ కళ్లం ముందు నిలబడితేగానీ మనకెంత వచ్చో మనకే తెలియదు.