నొప్పి లేదన్నాను

చాయ్ గ్లాసు పట్టుకున్న నా కుడిచెయ్యి చూసుకుని భయపడిన పొద్దున ఇంకా గుర్తుంది. వేలికొన ఎర్రగా పొక్కింది, నాకు వేడే తెలియలేదు. అంతకుముందు రోజు రాయచూరు బజారులోని మా గాజుల దుకాణంలో అల్మారా అద్దం పగిలి మణికట్టు తెగింది. దగ్గరున్న క్లినిక్‌లో కుట్లు వేశారు. వేళ్లు మొద్దుబారితే ఇంజెక్షన్ మత్తేమో అనుకుని పడుకున్నాను.

"రాత్రి దాటినంక గూడ మత్తు ఏందే? లే, పెద్ద దవాఖానకు పోదాం," అన్నాడు మా ఆయన.

అక్కడి సర్జన్ సూదితో వేళ్లు పొడిచి చూశారు. బొటనవేలిని చిటికెనవేలికి ఆనించమన్నారు. ఎంత బలం పెట్టినా అది లేవలేదు.

"మణికట్టులో మీడియన్ నర్వ్ అనే నరం తెగిందమ్మా. రేపే ఆపరేషన్. ఇందులో కండరాన్ని కదిలించే మోటార్ ఫైబర్స్, స్పర్శ తెలిపే సెన్సరీ ఫైబర్స్ కలిసే ఉంటాయి. చూడ్డానికి అన్నీ ఒకటే. మోటార్‌ని తీసుకెళ్లి సెన్సరీకి కుడితే, అతుక్కున్నా బొటనవేలు లేవదు."

పదిహేనేళ్ల వయసు నుంచి గాజులు తొడుగుతున్నాను. ఎదుటి మనిషి చెయ్యి ముడిచి, బొటనవేలి మొదలు నొక్కిపట్టి, సబ్బునురుగు మీద గాజు జార్చాలి. నా బొటనవేలే లేవకపోతే నేను దుకాణంలో కూర్చుని ఏం చేయాలి?

"ఎట్లా గుర్తుపడతారు సార్?"

"తెగిన నరానికి అరచేతి వైపు చివరలో సన్నగా కరెంటు తాకిస్తే, మోటార్ దగ్గర కండరం కదులుతుంది. అదీ తెగిన రెండు మూడు రోజుల్లోనే, తర్వాత ఆ ముక్క పలకదు. మోచేతి వైపు చివర తాకిస్తే ఎక్కడ తెలుస్తుందో మాత్రం మీరే చెప్పాలి. అందుకే పూర్తి మత్తు ఇవ్వను."

మర్నాడు థియేటర్‌లో నా చేతికీ కళ్లకూ మధ్య గుడ్డ కట్టారు. మత్తు చర్మానికే. కాసేపటికి "కదిలింది" అన్న డాక్టరు గొంతు విని ఊపిరి పీల్చుకున్నాను. తర్వాత నా వంతు.

"ఎక్కడ తెలుస్తోంది?"

"చూపుడువేలు కొసకు. చీమ కుట్టినట్టు."

"ఇప్పుడు?"

"నడిమి వేలు."

మూడోసారి ఏ వేల్లోనూ ఏమీ లేదు. మణికట్టు లోపల మాత్రం ఎముకను పీకుతున్నట్టు మొద్దునొప్పి.

"ఇక్కడ?"

"ఏం లేదు సార్. నొప్పి లేదు," అన్నాను.

ఎందుకన్నానో తెలుసా? మా దుకాణంలో బిగుతు గాజు ఎక్కిస్తుంటే పెళ్లికూతుళ్లు కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నా "నొప్పి లేదక్కా" అంటారు. అట్లా అన్న పిల్లను గట్టిపిల్ల అని మెచ్చుకునేదాన్ని నేనే. ఆ బుద్ధే ఆ బల్ల మీద నా నోట్లోంచి వచ్చింది.

డాక్టరుగారు తాకించడం ఆపేశారు. "ఏమీ తెలియలేదంటే ఇక్కడ నేను ఊహించి కుట్టాలమ్మా," అన్నారు.

"అబద్ధం చెప్పిన సార్! లోపట గుంజుతుంది. వేలికి మాత్రం తెలుస్తలేదు."

"అయ్యో, ఆ నొప్పి కోసమే కదమ్మా వెతుకుతున్నది! అదే మోటార్. ఇంకేమీ దాచకండి."

మళ్లీ తాకించారు. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను, గట్టిగా అరిచి మరీ. తర్వాత మైక్రోస్కోప్ కింద కుట్టారు.

మూడు వారాలు స్ప్లింట్. కట్టు విప్పాక చెయ్యి కట్టెలా బిగిసింది. ఫిజియోథెరపీకి రోజూ వెళ్లినా నాలుగు నెలలు బొటనవేలు ఉలకలేదు, పలకలేదు. ఆ నొప్పి సరిగ్గా చెప్పానో లేదోనని నన్ను నేనే తిట్టుకున్నాను. అయిదో నెలలో ఒకరోజు జడ అల్లుకుంటుంటే బొటనవేలి మొదలు కొద్దిగా ఉబ్బి కదిలింది. జడ వదిలేసి ఏడ్చేశాను.

ఇప్పుడు ఏడాదిన్నర అయింది. గాజులు తొడుగుతున్నాను. చూపుడువేలి కొన మాత్రం ఇంకా సగమే నాది. నడిమివేలు ముట్టుకుంటే ఒక్కోసారి అక్కడ తెలుస్తుంది. ఎంత గట్టిగా నొక్కుతున్నానో తెలియదని చంటిపిల్లల చేతులు ఇంకా పట్టుకోను.

మీకు ఎప్పుడైనా చెయ్యి తెగితే, మత్తు ఇంజెక్షన్ వేయకముందే కళ్లు మూసుకుని ఒక్కో వేలికొనను ఎవరిచేతనైనా ముట్టించుకోండి, ఒక్కో వేలిని కదిపి చూడండి. తేడా ఉంటే కుట్లు వేసే డాక్టరుకు అప్పుడే చెప్పండి. నేను ఇంకో రెండు రోజులు మత్తేలే అనుకుని ఉంటే, "కదిలింది" అన్న ఆ మాట ఎవరూ అనగలిగేవారు కాదు.