ఎమిల్ వోబోరిల్ భుజం, స్ట్రౌడ్ వాళ్ల కాఫీ

ఎమిల్ వోబోరిల్ తన ఆఖరి పదిహేనేళ్లూ ఎవరికీ టోపీ ఎత్తి పలకరించలేదు. పొగరనుకున్నారు ఊళ్లో. నిజానికి ఆయన కుడిచెయ్యి చెవి దాకా లేచేది కాదు. భుజాన్ని పాడుచేసింది రాయి. ఆ రాయిని ఆయన వాటాకి తెచ్చింది ఒక కప్పు కాఫీ.

నేను చెప్పబోయేది మాత్రం ఆయన కూతురు మార్సెల్లా గురించి. యాభై ఎనిమిదేళ్ల మనిషి, పెళ్లి చేసుకోలేదు, నూట నలభై ఆవుల్ని ఒంటిచేత్తో సాకింది. ఆమె దగ్గర ఇరవై ఏళ్లుగా కంచెపని చేస్తున్నాను. పదో తరగతిలో బడి మానేశాను గాని, కాన్సస్‌లో నా అంత తిన్నగా గుంజ నిలబెట్టేవాడు ఇంకా పుట్టలేదు. నేను నిలబెట్టిన గుంజని చూసి ఊరి చర్చి వాళ్లు గోపురం సరిచేయించుకున్నారు. నమ్మకపోతే మీ ఖర్మ.

మా కొండల్లో గడ్డి కింద జానెడు మట్టి, మట్టి కింద సున్నపురాయి. ఒకసారి పిడుగు పడి, దిగడానికి చోటు దొరక్క, లేచి పక్క జిల్లాకి వెళ్లింది. వాగు పక్కన మాత్రం నేల వెన్నలా ఉంటుంది. వోబోరిల్, స్ట్రౌడ్ పొలాల మధ్య మైలు పొడవున కంచె. అందులో ఉత్తరం సగం రాయి, దక్షిణం సగం వాగు మట్టి.

అలాంటి కంచెని పంచుకోవడానికి ఇక్కడ ఒకటే పద్ధతి. ఇద్దరు పొరుగువాళ్లూ సరిహద్దు నడిమధ్యన, ఎవరి నేలమీద వాళ్లు నిలబడి, ఎదురెదురుగా చూసుకుంటారు. ఎవరి కుడిచేతివైపు సగం వాళ్లది. వేసేదీ వాళ్లే, నిలబెట్టుకునేదీ వాళ్లే.

ఎమిల్ది పడమటి పొలం. తన నేలమీద నిలబడి ఉంటే కుడిచెయ్యి దక్షిణానికి, అంటే వాగు మట్టికి చూపించేది. కాని వాటాలు తేల్చుకోవడానికి కలిసిన ఆ పొద్దున చలి. హార్లన్ స్ట్రౌడ్ తన బండి వెనక తలుపు దించి, "ఎమిల్, రా, వేడి కాఫీ ఉంది" అని పిలిచాడు. ఎమిల్ సరిహద్దు దాటి వెళ్లి కప్పు అందుకున్నాడు. ఈలోపు హార్లన్ ఇటు ఎమిల్ నేలమీదికి వచ్చి, "అబ్బ, నీ ఆవులు ఎంత బలిశాయయ్యా!" అంటూ అక్కడే నిలబడిపోయాడు. "సరే, ఎలాగూ ఎదురెదురుగానే ఉన్నాం కదా. కుడిచెయ్యి చాపు." ఎమిల్ ఎడమచేత్తో కప్పు పట్టుకుని కుడిచెయ్యి చాపాడు. రాళ్లవైపు. సంగతి తెలిసేసరికి కాఫీ అయిపోయింది, చేతులు కలిపేశారు. చెయ్యి కలిపాక మాట వెనక్కి తీసుకునే రకం కాదు ఎమిల్.

ఆ సగం మైలు రాతిలోకి రెండు వందల అరవై ఇనుప గుంజల్ని ఆయన చేత్తోనే కొట్టాడు. అటూ ఇటూ పిడులున్న బరువైన ఇనుప గొట్టం, పైన మూత. గుంజ మీద తొడిగి, ఎత్తి, దబ్బున దించాలి. ఒక్కో గుంజకి మూడు వందల దెబ్బలు. వంగినవాటిని ప్రతి వసంతంలోనూ మళ్లీ. ఆ చప్పుడుకి మా అమ్మమ్మ గోడ గడియారం రోజుకి గంట ముందుకి పరిగెత్తేది.

ఎమిల్ చనిపోయినప్పుడు చర్చి హాల్లో భోజనాల దగ్గర హార్లన్ కొడుకు డెల్బర్ట్ మార్సెల్లా పక్కకి చేరాడు. నోటినిండా ఆమె చేసిన గసగసాల రొట్టె, ముఖం నిండా నవ్వు.

"మీ నాన్న మంచోడు, అమ్మాయ్. మా కాఫీ అంటే ప్రాణం పెట్టేవాడు."

అమ్మాయ్! అప్పటికి ఆమెకి యాభై రెండు. మార్సెల్లా కత్తి కింద పెట్టి, "ఇంకో ముక్క తీసుకో డెల్బర్ట్" అంది. ఆరేళ్లు ఆ సంగతి ఎత్తలేదు. నేను కడుపులో మాట ఆరు నిమిషాలు దాచలేను, అందుకే ఆవిడంటే నాకు గౌరవం.

ఈ మార్చి ఆఖర్లో కొత్త మేత కోసం పాత గడ్డి కాల్చే మంటలు చెయ్యి దాటిపోయి సగం జిల్లా కంచెల్ని తినేశాయి. మా సరిహద్దు కూడా పోయింది. తీగ పెళుసై పుల్లలా విరిగిపోతోంది, గుంజలు వేడికి వంకర్లు తిరిగాయి. మే ఒకటికి డెల్బర్ట్ మేతకి ఒప్పుకున్న ఎడ్లు టెక్సాస్ నుంచి లారీల్లో దిగుతాయి. ఆలోపు కంచె లేవాలి.

మార్సెల్లా సరిహద్దు తగవులు తీర్చే జిల్లా కంచె పెద్దలకి ఉత్తరం రాసింది, వచ్చి వాటాలు పుస్తకంలోకి ఎక్కించమని. అప్పటిది ఒట్టి చేతిమాట, ఎక్కడా రాసి లేదు. తర్వాత నన్ను వెంటేసుకుని లెనర్డ్ పాస్క్ దుకాణానికి బయల్దేరింది, గుంజలు దిగ్గొట్టే యంత్రం చూడ్డానికి.

మూడు శనివారాలు చూసింది. లెనర్డ్ ముందు చేతి యంత్రం చూపించాడు. పెట్రోలుతో నడుస్తుంది, ఒక మనిషి ఎత్తగలడు.

"మట్టిలో అయితే నిమిషానికో గుంజ, అమ్మగారూ."

"రాతిలో?"

"రాతిలో అయితే మూడోరోజుకి నా దగ్గరికే తిరిగొస్తుంది, ముక్కలుగా."

రెండోది ట్రాక్టరు వెనక తగిలించేది. సమ్మెట బరువు బాగానే ఉంది, కాని వాలు నేలమీద గుంజ తిన్నగా రాదు. మూడోది పెద్దది. నిలువు స్తంభం ఎటు కావాలంటే అటు వంగుతుంది, ముందు ఉక్కు మేకు రాతిని పొడిచి దారి చేస్తుంది, ఆ దారిలో గుంజ దిగుతుంది. మార్సెల్లా మోకాళ్లమీద కూర్చుని మేకు మొన తడిమింది. సమ్మెట ఎంత ఎత్తునుంచి పడుతుంది, మేకు ఇరుక్కుంటే వెనక్కి లాగే గొలుసు ఉందా, గొట్టాల్లో నూనె వేడెక్కితే ఎంతసేపు ఆపాలి, అన్నీ అడిగింది. అన్నీ రాయి గురించే, అది ఎవరి వాటా రాయో మాత్రం చెప్పలేదు. ఒక్క అబద్ధం ఆడలేదు.

"ఇలాంటివి ఇంకెన్నున్నాయి లెనర్డ్?"

"ఇదొక్కటే. మళ్లీ జూన్‌లో."

మూడో శనివారం పన్నెండు పెయ్యల్ని అమ్మేసి దాన్ని కొంది. వార్త విన్న డెల్బర్ట్ నవ్వుకుంటూ వచ్చి, తన మట్టి సగానికి ఇది చాలనుకుని చేతి యంత్రం కొనుక్కున్నాడు. నా భుజం తట్టి మరీ చెప్పాడు.

"మీ అమ్మాయికి చెప్పు, రాయి జాగ్రత్త అని."

"చెప్తా. నువ్వూ కాఫీ జాగ్రత్త" అన్నాను. ఆయనకి అర్థంకాలేదు. బడి మానేసింది నేనా ఆయనా అని నాకే సందేహం వచ్చింది.

సోమవారం ముగ్గురు కంచె పెద్దలు వచ్చారు. అందరికన్నా పెద్దాయన వెండెల్ క్రౌస్ పుస్తకం తెరిచాడు. డెల్బర్ట్ తన బండి వెనక తలుపు దించి కాఫీ పోశాడు.

"రా మార్సెల్లా, చల్లారిపోతుంది."

"మా నాన్న నా వంతు కూడా తాగేశాడు" అంది. తన నేలమీద కాళ్లు ఎడంగా పెట్టి నిలబడింది. రైలింజన్‌కి కట్టి లాగినా కదిలేది కాదు. "నీ వైపు నువ్వు నిలబడు, డెల్బర్ట్."

"ఎందుకమ్మాయ్ ఇదంతా? ఎవరి సగం వాళ్లకి తెలుసు కదా."

"తెలిస్తే చెయ్యి చాపడానికి నొప్పేంటయ్యా?" అన్నాడు వెండెల్.

ఇద్దరూ చాపారు. మార్సెల్లా చెయ్యి వాగువైపు. డెల్బర్ట్ చెయ్యి కొండవైపు, రాళ్లవైపు.

"ఆగండి, పాతకాలం నుంచీ..."

"పాతకాలం నుంచీ ఇదే పద్ధతి" అని వెండెల్ రాసేశాడు.

మా సగం నేనూ మార్సెల్లా రెండ్రోజుల్లో లేపాం. ఆ మట్టికి అంత పెద్ద సమ్మెటా! గుంజ ఆగకుండా నేల్లో మునిగిపోతుందేమోనని నేను పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. అటు డెల్బర్ట్ మొదటి గుంజ నాలుగు అంగుళాలు దిగి చేపల గాలంలా వంగింది. మూడోరోజుకి యంత్రం లెనర్డ్ దగ్గరికి వెళ్లింది, ముక్కలుగా. జిల్లాలో కంచెపని కూలీలందరికీ చేతినిండా పని. మా యంత్రాన్ని అడిగినవాళ్లందరి పొలాలకీ తిప్పాం. ఒక్క పొలానికి తప్ప.

ఏప్రిల్ ఇరవై ఒకటిన డెల్బర్ట్ వాకిట్లోకి వచ్చాడు. మొదటిసారి "మార్సెల్లా గారూ" అన్నాడు.

"పది రోజుల్లో ఎడ్లు దిగుతాయి. మీ యంత్రం..."

"గుంజలు దిగ్గొట్టేది కావాలా? ఉంది." కొట్టంలోకి వెళ్లి ఎమిల్ ఇనుప గొట్టాన్ని తెచ్చి అతని చేతుల్లో పెట్టింది. పిడులు అరిగి అద్దంలా మెరుస్తున్నాయి. "దీంతో మా నాన్న మీ ఎద్దుల్ని నలభై ఏళ్లు ఆపాడు. వాడుకో. తిరిగి ఇవ్వక్కర్లేదు."

"తప్పు మా నాన్నది, మార్సెల్లా."

"ఆయన చావు భోజనాల దగ్గర నవ్వింది నువ్వు."

పది రోజులు కొట్టాడు. మార్సెల్లా రోజూ పొద్దున్నే సరిహద్దుకి తన వైపు బండి నిలిపి, వెనక తలుపు దించి, కూర్చుని కాఫీ తాగింది. డెల్బర్ట్ పొమ్మని ఎన్నిసార్లన్నా వినలేదు, తన నేల తనది. ఒక్కసారి కూడా అతన్ని రమ్మనలేదు. లారీలు వచ్చేసరికి ఆఖరి గుంజ దిగింది.

జూన్‌లో ఒక ఆదివారం చర్చి మెట్ల మీద డెల్బర్ట్ ఎదురుపడ్డాడు. ఆడవాళ్లు ఎదురైతే మా మగాళ్లు టోపీ ఎత్తాలి. డెల్బర్ట్ కుడిచెయ్యి ఛాతీ దాకా లేచి అక్కడే ఆగిపోయింది.

మార్సెల్లా ఆగింది. ఆ చెయ్యి దిగేదాకా చూసింది.

"పర్లేదు డెల్బర్ట్" అంది. "టోపీ ఉండనీ."