ముగ్గు గీతల ఇల్లు

భద్రాచలంలో మేముండే కిరాయి ఇంటి ఎదురుగానే మా ఖాళీ స్థలం. నిరుడు ఇల్లు మొదలుపెడదామని పునాదులకు ముగ్గు పోయించాం. మా ఆవిడ సరోజ రోజూ సాయంత్రం ఆ తెల్ల గీతల మధ్య తిరుగుతూ వంటిల్లు, మెట్లు, గోదారి కనిపించే మేడ గది ఊహించుకునేది. గుమ్మం వచ్చే చోట గీత చెరిపి దారి కూడా చేసుకుంది.

ఒక పొద్దున టీ తాగుతుంటే కాళ్ల కింద నేల ఊగింది. అలమారలో గిన్నెలు దబదబా పడ్డాయి. "భూకంపం!" అని అరుస్తూ చుట్టుపక్కల వాళ్లంతా మా స్థలం వైపు పరుగెత్తారు. నేనూ గీత దాటబోతుంటే సరోజ గట్టిగా అరిచింది.

"గోడ తొక్కకుండ్రి! దర్వాజలకెళ్లి రండ్రి!"

వణుకుతూనే అందరం చుట్టూ తిరిగి ఆ దారిలోంచే లోపలికి వెళ్లాం. నేల కుదుటపడ్డాక ఒకటే నవ్వులు.

"నీ ఇల్లు గట్టిదే బిడ్డా, ఒక్క పెచ్చు ఊడలే" అంది మా ఓనరమ్మ.

నాకు మాత్రం భయం పోలేదు. ఇంజనీరును పిలిచి మట్టి పరీక్ష చేయించాను. గుంత తవ్వితే అడుగంతా ఎప్పుడో పూడ్చిన వాగు.

"గట్టి నేల తగిలేదాక పునాది దించాలె సార్. గీ మట్టి మీద మేడ వద్దు" అన్నాడాయన.

మేడకని దాచుకున్నదంతా ఇక పునాదికే. కొత్త ప్లాను ఇంకా చేతికి రాలేదు. వానలకు ముగ్గు చెరిగిపోయింది. అయినా సరోజ ఇప్పటికీ చుట్టూ తిరిగి, దర్వాజ ఉన్న చోటు నుంచే లోపలికి వెళ్తుంది. మెట్లు రావాల్సిన చోట ఆగి, మునివేళ్ల మీద లేచి గోదారి వైపు చూస్తుంది.