కోచ్ షెన్ కొట్టేసిన పసుపు గడి

కోవిడ్ ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన మరుసటి జనవరిలో, సింగపూర్ ఉత్తరాన యీషున్ దగ్గరి ఒక ఫుట్‌బాల్ క్లబ్బులో సీనియర్ ఫిజియోథెరపిస్టుగా నా ఆఖరి కాంట్రాక్టు మొదలైంది. రెండేళ్ళ కాంట్రాక్టు. అదే క్లబ్బులో అప్పటికే నాకు ఇరవై ఏళ్ళు దాటాయి. ఆటగాళ్ళందరికీ నేను అంకుల్ ప్రసాద్‌ని. కొత్తగా చేరినవాళ్ళు డాక్టర్ అని పిలిచేవారు. నేను డాక్టర్ని కాను. క్లబ్బు డాక్టరు వారానికొకసారి వచ్చి సంతకాలు పెట్టి వెళ్ళేవారు. మిగతా రోజుల్లో ఆ పాతికమంది మోకాళ్ళూ, చీలమండలూ, తొడ కండరాలూ నా పూచీ.

హోదా ప్రకారం హెడ్ కోచ్, అసిస్టెంట్ కోచ్, టీమ్ మేనేజరు, వాళ్ళ తర్వాతే నేను. అయినా మ్యాచ్ రోజు పొద్దున నేనొక కాగితం ఇవ్వందే కోచ్ జట్టు పేర్లు రాయడు. దాన్ని మెడికల్ షీట్ అంటాం. అందులో ప్రతి పేరు పక్కన మూడు గడులు. ఆకుపచ్చలో టిక్కు పెడితే ఆడొచ్చు, ఎరుపులో పెడితే ఆడకూడదు. మధ్యలో ఉన్న పసుపు గడికి అర్థం, నిర్ణయం కోచ్‌కి వదిలేస్తున్నాం అని. ఫిజియోలకు అంత సుఖమైన గడి ఇంకోటి లేదు. ఆటగాడు గోల్ కొడితే మనం అడ్డుపడలేదు, పడిపోతే మనం ముందే హెచ్చరించాం. ఎటు తిరిగీ మన చొక్కా నలగదు.

ఆ జనవరి మొదటి రోజే నోటీసు బోర్డు మీద కొత్త హెడ్ కోచ్ పేరు చూసి మళ్ళీ ఒకసారి చదివాను. షెన్.

షెన్ ఎవరో చెప్పాలి. ఈశాన్య చైనాలో ఒక ఓడరేవు పట్నం అతనిది. తండ్రి రేవులో క్రేన్ నడిపేవాడు. పందొమ్మిదేళ్ళకే షెన్ జర్మనీలో ఒక రెండో డివిజన్ క్లబ్బుకి వెళ్ళాడు. మొదటి సీజనంతా బెంచీ మీదే కూర్చున్నాడు. భాష రాదు, పలకరించే దిక్కు లేదు. క్లబ్బులో జెర్సీలు ఉతికే ఒక ముసలాయన దగ్గర కూర్చుని జర్మన్ నేర్చుకున్నాడట. సబ్బు, బకెట్, తడి, పొడి, మడత. ఈ మాటలు వచ్చాకే పాస్, షాట్ వచ్చాయని నవ్వుతూ చెప్పేవాడు. రెండో సీజన్ నుంచి జట్టులో కుదురుకున్నాడు. కొన్నేళ్ళు అక్కడ ఆడి, ఆ తర్వాత విదేశీ ఆటగాడిగా మా క్లబ్బుకి వచ్చాడు. సింగపూర్ లీగ్‌లో అలాంటి ఎడమ కాలు నేను చూడలేదు. బంతి అతని కాలు దాటాక ఎక్కడ పడాలో దానికి ముందే చెప్పి పంపినట్టుండేది.

అతను మా దగ్గర ఆడింది రెండు సీజన్లే. రెండో సీజన్ మధ్యలో మోకాలు కొద్దిగా వాచింది. మ్యాచ్ రోజు పొద్దున పరీక్షించాను. ఆటగాణ్ణి పడుకోబెట్టి, మోకాలు కొంచెం వంచి, ఒక చేత్తో తొడను బిగించి పట్టుకుని, రెండో చేత్తో పిక్కను ముందుకు లాగుతాం. లోపలి లిగమెంటు బాగుంటే కాలు ఠక్కున ఆగుతుంది. దెబ్బతింటే మెత్తగా ముందుకొస్తుంది. ఆ రోజు షెన్ కాలు మెత్తగా వచ్చింది. చాలా కాదు, కొంచెం. నా చేతికి తెలిసింది. నొప్పి ఉందా అని అడిగితే లేదన్నాడు. నేను పసుపు గడిలో టిక్కు పెట్టాను.

రెండో సగంలో, ఎవరూ తాకకుండానే, పక్కకు తిరగబోయి కూలబడ్డాడు. రెండు ఆపరేషన్లు జరిగాయి. ముప్పై నిండకముందే ఆట అయిపోయింది. చైనా తిరిగి వెళ్ళే ముందు నా గదికి వచ్చి, నేనిచ్చిన మోకాలి పట్టీని ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టి చేతికిచ్చాడు. థాంక్యూ అంకుల్ అన్నాడు. ఆ పట్టీ మళ్ళీ ఎవరికీ కట్టడానికి నాకు చేతులు రాలేదు.

ఆ మనిషి ఇప్పుడు నా పైఅధికారి. చైనాలో జూనియర్ జట్లను తయారు చేసి, కోచింగ్ లైసెన్సులన్నీ సంపాదించుకుని వచ్చాడు. కుడి మోకాలు పూర్తిగా వంగదు, మెట్లు దిగేటప్పుడు పక్కకు తిరిగి దిగుతాడు. మొదటి స్టాఫ్ మీటింగులో అందరి కాగితాలూ ఓపికగా చదివాడు. నా మెడికల్ షీట్ వచ్చేసరికి స్కేలు అడిగి తీసుకుని, పసుపు గడి మీద పైనుంచి కిందిదాకా నిలువునా గీత కొట్టాడు.

"అంకుల్, ఇక నుంచి రెండే మాటలు. క్యాన్, క్యాన్‌నాట్. మీరు రాయండి. కింద నేను సంతకం పెడతాను. ఎందుకని అడగను."

సింగపూర్‌లో ఈ రెండు మాటలతోనే రోజు గడిచిపోతుంది. తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌లో నూడుల్స్‌లో కారం తగ్గించమన్నా, ఫ్లాట్‌కి రంగులేసేవాణ్ణి శనివారం రమ్మన్నా, క్యాన్ అనో క్యాన్‌నాట్ అనో టక్కున జవాబొస్తుంది. కానీ నాకు ఆ గీత చెంపదెబ్బలా తగిలింది. అందరి ముందూ, ఒక్క పరుషమైన మాట లేకుండా, పాత లెక్క తేల్చాడనుకున్నాను.

ఆంగ్ మో కియోలోని మా ఫ్లాట్‌కి వెళ్ళి మా ఆవిడ సుజాతతో చెప్పుకుని వాపోయాను. ఆవిడది తెనాలి, మాట మింగే అలవాటు లేదు.

"మంచి పని చేశాడాయన. ముప్పై ఏళ్ళ బట్టీ చూస్తన్నా, కూర ఎట్టా ఉందండీ అంటే ఫర్వాలేదు అంటారు. సినిమాకి పోదామా అంటే చూద్దాంలే అంటారు. అవునో కాదో తెలీక నేను చావట్లా? మీకు ఆ పసుపు గడి క్లబ్బులో ఇచ్చింది కాదు, పుట్టుకతో వచ్చింది."

నాకు కోపం వచ్చింది. కోపం వచ్చినందుకు ఇంకా సిగ్గేసింది.

ఆ సీజన్‌లో షెన్‌ని దగ్గరగా చూశాను. భయంతో చూడటం మొదలుపెట్టి, తెలియకుండానే ఆశ్చర్యంతో చూడసాగాను. అందరికంటే ముందు మైదానానికి వచ్చేవాడు. మలయ్ ఆటగాళ్ళతో మలయ్‌లో, తమిళ కుర్రాళ్ళతో తమిళంలో నాలుగు మాటలు నేర్చుకుని మాట్లాడేవాడు. ఒకరోజు ఆటగాళ్ళు పొడుగు పాసులు సరిగ్గా వేయలేకపోతున్నారు. షెన్ జెర్సీలు వేసే ఉతుకుడు బుట్టను గోల్ లైన్ మీద పెట్టించి, తను సెంటర్ సర్కిల్ దగ్గర నిలబడి, బాస్కెట్ అన్నాడు. మొదటి బంతి నేలను తాకకుండా బుట్టలో పడింది. రెండోది కూడా. మూడోది అంచుకు తగిలి పక్కకు పోయింది. సారీ అన్నాడు, ఎవరికి చెప్పాడో తెలియదు. పాతికమంది మగవాళ్ళం నోళ్ళు తెరుచుకుని నిలబడిపోయాం. ఆ కాలిని నేనే కదా ఆటకు దూరం చేశాను అనుకున్నాను. 

సీజన్ చివరి మ్యాచ్ మా సొంత మైదానంలో. గెలిస్తేనే షెన్ కాంట్రాక్టు పొడిగిస్తామని యాజమాన్యం ముందే తేల్చి చెప్పింది. డ్రా అయినా ఇంటికే. ఈ సంగతి క్లబ్బులో జెర్సీలు ఉతికేవాళ్ళకి కూడా తెలుసు.

మా కెప్టెన్ ఫైజల్. బెడోక్ కుర్రవాడు, ఇరవై ఏడేళ్ళు, మా గోల్స్‌లో సగం అతనివే. థాయ్‌లాండ్ క్లబ్బొకటి అతని మీద కన్నేసింది, ఆ మ్యాచ్‌కి వాళ్ళ మనిషి వస్తున్నాడు. సరిగ్గా రెండు రోజుల ముందు ప్రాక్టీసులో ఫైజల్ కుడి మోకాలు మెలిపడింది. మ్యాచ్ రోజు పొద్దున పరీక్ష బల్ల మీద పడుకోబెట్టాను. టీమ్ మేనేజరు తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఫైజల్ ఇక్కడి ఇంగ్లీషు యాసలో "ఓకే లా అంకుల్, నో పెయిన్" అని నవ్వాడు. పిక్క పట్టుకుని లాగాను. ఆగింది. ఠక్కున ఆగిందా, ఆగిందని నేను అనుకున్నానా? నా పెన్ను పసుపు గడి కోసం వెతికింది. అది లేదు. క్యాన్ అని రాశాను. షెన్ కింద సంతకం పెట్టాడు.

రెండో సగం మొదలై కొంతసేపు అయ్యేసరికి స్కోరు ఒకటి ఒకటి. అప్పుడే పిడుగుల సైరన్ మోగింది. ఇక్కడ మబ్బు పట్టి పిడుగు పడే ప్రమాదముంటే మైదానాల్లో సైరన్ మోగుతుంది. మళ్ళీ అనుమతి వచ్చేదాకా ఎంతటి మ్యాచ్ అయినా ఆపి అందరూ లోపలికి పోవాల్సిందే. మైదానం నుంచి డ్రెస్సింగ్ రూమ్‌కి ఐదు మెట్లున్నాయి. నేను ఫైజల్ వెనకే నడుస్తున్నాను. అతను ప్రతి మెట్టుకీ ఎడమ కాలే ముందు పెట్టి, కుడి కాలిని దాని పక్కకు చేర్చుకుంటున్నాడు. ఐదు మెట్లూ అలాగే ఎక్కాడు.

పొద్దున నేను చేసిన తప్పు అక్కడ కనబడింది. అతన్ని పడుకోబెట్టి చూశానే తప్ప ఒక్క మెట్టు ఎక్కించి చూడలేదు. పైగా మేనేజరు వింటుండగా నొప్పి ఉందా అని అడిగాను. ఏ ఆటగాడు ఉందంటాడు?

తెర చాటుకి తీసుకెళ్ళి, ఎవరూ లేకుండా చూసుకుని, మళ్ళీ లాగాను. ఈసారి మెత్తగా వచ్చింది. పదిహేడేళ్ళ క్రితం నా చేతికి తెలిసిన మెత్తదనం అదే. ఫైజల్ నా మణికట్టు పట్టుకున్నాడు.

"అంకుల్, ప్లీజ్ లా. హాఫ్ అవర్ ఓన్లీ. దట్ మ్యాన్ ఈజ్ వాచింగ్."

తెర బయట మేనేజరు కాచుకుని ఉన్నాడు. అరగంటే కదా అంకుల్, గట్టిగా స్ట్రాప్ చుట్టి పంపండి, మనందరి బతుకులూ దీని మీదే ఉన్నాయి అన్నాడు. అతనన్నది అబద్ధం కాదు. షెన్ బోర్డు దగ్గర నిలబడి పేర్లు సర్దుతున్నాడు. నేను వెళ్ళి కోచ్ అన్నాను. అతను తిరిగి నా ముఖం చూశాడు.

"క్యాన్? క్యాన్‌నాట్?"

"క్యాన్‌నాట్. పొద్దున నేను రాసింది తప్పు."

షెన్ తలూపాడు. అరచేత్తో బోర్డు మీది ఫైజల్ నంబరు తొమ్మిదిని తుడిచేసి, బెంచీ మీది కుర్రాడి నంబరు ఇరవై ఒకటి రాశాడు. ఫైజల్ దగ్గరకెళ్ళి, కెప్టెన్ పట్టీ తనే విప్పి, అతని తల మీద చెయ్యి వేసి, ఆ పట్టీ తెచ్చి గోల్‌కీపర్ చేతికి కట్టాడు. అంతా కలిపి ఒక నిమిషం కూడా పట్టలేదు. పొద్దున అలా ఎందుకు రాశావని అడగలేదు. అరగంట ఆడలేడా అని అడగలేదు. ఆ అరచేత్తో తన ఉద్యోగం తుడిచేసుకుంటున్నాడని ఆ గదిలో అందరికీ తెలుసు. ఒక్కసారైనా నా వైపు ప్రశ్నగా చూస్తాడేమోనని నేను అతన్నే చూస్తూ నిలబడ్డాను. చూడలేదు. నా వృత్తిలో అంత పెద్ద మనిషిని అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

వాన వెలిశాక మ్యాచ్ మళ్ళీ మొదలైంది. ఒకటి ఒకటితోనే ముగిసింది.

తర్వాతి వారం స్కానింగ్‌లో ఫైజల్ లిగమెంటు సగం చిరిగి ఉందని తేలింది. ఇంకో మలుపు తిరిగితే పూర్తిగా పోయేదని డాక్టరు చెప్పారు. ఆపరేషన్ లేకుండా నెలల తరబడి వ్యాయామాలతో నయం చేశాం. మరుసటి ఏడాది ఫైజల్ థాయ్‌లాండ్‌లోనే వేరే క్లబ్బుకి వెళ్ళాడు. షెన్ కాంట్రాక్టు మాత్రం ఆ నెలతోనే సరి.

అతను వెళ్ళే ముందు రోజు హాకర్ సెంటర్‌లో కాఫీకి పిలిచాను. ఖాళీ బల్ల మీద టిష్యూ పాకెట్ పెట్టి చోటు పట్టుకుని నా కోసం కాచుకుని ఉన్నాడు. కాఫీ చల్లారిపోయేదాకా ఫైజల్ వ్యాయామాల గురించే మాట్లాడాను. చివరికి చెప్పేశాను. ఆ రోజు నీ మోకాలు మెత్తగా వచ్చిందని నా చేతికి తెలుసు, తెలిసీ పసుపు టిక్కు పెట్టాను అన్నాను.

తనకు తెలుసన్నాడు షెన్. ఆ పొద్దున తనకు నొప్పి ఉంది, లేదని నాతో అబద్ధం చెప్పాడు. అప్పటి కోచ్ నా టిక్కు చూసి ఆడతావా అని అడిగితే ఆడతానన్నాడు.

"ముగ్గురం ఉన్నాం అంకుల్. ముగ్గురికీ తెలుసు. ఒక్కరం కూడా క్యాన్‌నాట్ అనలేదు. ఆడేవాడు అనలేడు. కోచ్ అనలేడు, అతనికి గెలుపు కావాలి. అనగలిగింది మీరొక్కరే. మిమ్మల్ని శిక్షించడానికి ఆ గడి తీసేయలేదు. మీరు అనగలిగేలా చేద్దామని తీసేశాను."

ఆ పూట నేను చాలా ఏడ్చాను. సింగపూర్‌లో హాకర్ సెంటర్‌లో ఒక ముసలాయన ఏడుస్తుంటే ఎవరూ తిరిగి చూడరు. షెన్ చోటు పట్టడానికి పెట్టిన టిష్యూ పాకెట్ నా వైపు జరిపాడు.

తర్వాత వచ్చిన కోచ్ పసుపు గడి మళ్ళీ కావాలన్నాడు. అది అతని హక్కు, గీసి ఇచ్చాను. పదవీ విరమణ రోజున నా స్థానంలో చేరిన అమ్మాయి ఫైలు తిరగేసి, ఆఖరి సీజన్ షీట్లన్నింటిలో ఈ గడి ఖాళీగా ఉందేమిటి అంకుల్ అని అడిగింది. పడుకోబెట్టి చూసిన మోకాలిని మెట్ల మీద కూడా చూడమని, నొప్పి సంగతి ఎవరూ లేనప్పుడు అడగమని, ఆ తర్వాత ఆడొచ్చంటే ఆడొచ్చని, ఆడకూడదంటే ఆడకూడదని రాయమని చెప్పాను. నా పసుపు టిక్కు వల్ల ఒకసారి ఆటనూ, నా క్యాన్‌నాట్ వల్ల ఇంకోసారి ఉద్యోగాన్నీ పోగొట్టుకున్న మనిషి దగ్గర నేను నేర్చుకున్న పని అది.